మెట్లెక్కని సామాన్లు

రిటైరైన వాళ్లు క్వార్టర్ ఖాళీ చేయడానికి కంపెనీ కొంత గడువిస్తుంది. ఆ గడువులో మొదటి నెలంతా నేనేమీ చేయలేదు. అలవాటు కొద్దీ తెల్లారకముందే లేచి, స్నానం చేసి, డ్యూటీకి పోయేదానిలాగే చీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకునేదాన్ని. మొదటి షిఫ్టు బండ్లన్నీ మా లైను దాటి పెద్ద రోడ్డెక్కేదాకా చూసి లోపలికొచ్చేదాన్ని. ఆ తర్వాత రోజంతా నాదే. దాన్ని ఏం చేసుకోవాలో మాత్రం తెలిసేది కాదు.

నేను బొగ్గుబాయి మీద ల్యాంప్ రూంలో పనిచేశాను, ఇరవై ఏడేళ్లు. మా ఆయన బాయి లోపల బొగ్గు ఎత్తే కోల్ ఫిల్లర్. నాకు ముప్పై మూడేళ్లప్పుడు గుండెజబ్బుతో దవాఖానలో పోయాడు. పిల్లల్లేరు. ఆయన ఉద్యోగం నాకిచ్చారు. అప్పట్లో ఆడవాళ్లను బాయి లోపలికి పంపేవాళ్లు కాదు కాబట్టి పైనే పని. లోపలికి దిగేవాళ్లు టోపీకి పెట్టుకునే లైట్లను చార్జింగు పెట్టి, కిటికీలోంచి వాళ్లకు అందించడం నా డ్యూటీ. మనిషి తన నెంబరున్న ఇత్తడి బిళ్ల కిటికీలో పెడతాడు. ఆ నెంబరు లైటు తీసి నేనిస్తాను. షిఫ్టు దిగి పైకొచ్చాక లైటు నాకిచ్చి బిళ్ల తీసుకుపోతాడు. కిటికీ చిన్నది, జాలీ కొట్టి ఉండేది. చేతులు కనబడినంత బాగా మొహాలు కనబడేవి కావు. ఎవరి వేలికి ఉంగరముందో, ఎవరి మణికట్టు మీద బొగ్గు దిగి మానిన నల్లటి గాటుందో నాకు తెలుసు. రోడ్డు మీద ఎదురైతే మాత్రం వాళ్లను నేను గుర్తుపట్టలేను, నన్ను వాళ్లూ గుర్తుపట్టరు.

ఇంట్లో మా అత్తమ్మ ఉండేది. కొడుకు పోయాక ఆమెకు నేను, నాకు ఆమె. ఆరేళ్ల కింద ఆమె కూడా పోయింది. అప్పుడు డ్యూటీ ఉంది కాబట్టి పెద్దగా తెలియలేదు. పొద్దుటి నుంచి వందల చేతులు చూసి వచ్చే మనిషికి ఇంట్లో కాసేపు ఎవరూ లేకపోయినా నడుస్తుంది. రిటైరయ్యాకే తెలిసింది, ఒక్కోరోజు పాలతనితో చిల్లర గురించి అన్న రెండు మాటలే ఆ రోజుకు నా మొత్తం మాటలని.

రెండో నెలలో గోదావరిఖనిలో మార్కెట్ వెనక సందులో ఒక గది చూసుకున్నాను. మేడ మీద గది, ముందు కొంచెం ఖాళీ. నాకు సరిపోతుంది. చిక్కంతా మెట్ల దగ్గరే. బయటి నుంచి ఎక్కే ఇరుకు మెట్లు సగానికి వచ్చి ఒక్కసారిగా మలుపు తిరుగుతాయి. పెద్ద సామానేదీ పైకి రాదని ఇంటి ఓనరమ్మ ముందే చెప్పింది. నేను నమ్మక టేపు తీసుకెళ్లి కొలిచాను. బీరువా రాదు. మంచం రాదు. కూలరు కూడా రాదు, అది ఆ పాతకాలపు ఇనుప డబ్బా కూలరు. మా ముగ్గురి సంసారంలో సగం ఆ మలుపు దగ్గరే ఆగిపోతుందని అక్కడ నిలబడ్డప్పుడే అర్థమైంది.

పాత సామాన్లు కొనే అతన్ని ముందు పిలిచాను. వచ్చి బీరువా పక్కకు వేలి కణుపులతో కొట్టి చూశాడు, రేకు మందమెంతో తెలుసుకోవడానికి. కిలోకు ఇంత అన్నాడు. పెళ్లయిన మూడో ఏడు మా ఆయన మంచిర్యాల నుంచి లారీ మీద, దాని పక్కన నిలబడి, పట్టుకుని తెచ్చిన బీరువా అది. తూకానికి వెయ్యలేనని చెప్పి పంపేశాను.

ఫోన్లో వంటల వీడియో చూస్తుంటే పాత వస్తువులు అమ్ముకునే యాప్ ప్రకటన వచ్చింది. రెండు రోజులు దాంతో కుస్తీ పట్టి నేర్చుకున్నాను. బీరువాకు అద్దముంది. ఎటు నిలబడి ఫోటో తీసినా అద్దంలో నేనూ పడుతున్నాను. నా ఫోటో నేను చూసుకుని ఎన్నాళ్లయిందో. చివరికి అద్దానికి తువ్వాల కప్పి తీశాను. కింద ఏం రాయాలో తెలియక ఉన్నది ఉన్నట్టు రాశాను. ‘బీరువా మంచిగున్నది. తలుపు కొంచెం ఎత్తి వేయాలె. మేము వాడుకున్నదే.’

మర్నాటి నుంచి మెసేజీలు మొదలయ్యాయి. అందరిదీ ఒకటే మాట, ‘ఇది ఇంకా ఉందా?’ అది యాప్‌లో ముందే రాసిపెట్టి ఉంటుందని, వేలు తాకితే పోతుందని నాకు తెలియదు. ప్రతి ఒక్కరూ కూర్చుని టైపు చేసి నన్నడుగుతున్నారనే అనుకున్నాను. అందరికీ నిండుగా జవాబు రాశాను. ఉందండి, మీరు ఎక్కడి నుంచి, మీ ఇంట్లో ఎంతమంది, పెద్దది కావాలా చిన్నది కావాలా అని. ఎవరూ తిరిగి రాసేవారు కాదు. రాసినా, ‘లాస్ట్ ఎంత’ అని మాత్రమే. ఆదివారం వస్తానన్న ఒకాయన కోసం పొద్దుటి నుంచి వీధి తలుపు తెరిచే ఉంచాను. ఆయన రాలేదు. రానని చెప్పనూ లేదు.

ముందుగా వచ్చింది ఒక కొత్త జంట. అతను మంచిర్యాల దగ్గరి జైపూర్ కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనిలో చేరాడట, అక్కడే గది తీసుకున్నారట. మంచం కోసం వచ్చారు. అతను వంగి మంచం కీళ్లు ఊపి చూస్తున్నాడు. ఆ పిల్ల నా పక్కకు వచ్చి నిలబడింది. ఏదో అడగాలని ఉందని మొహం చూస్తేనే తెలుస్తోంది.

“పెద్దమ్మా, ఏమనుకోకున్రి,” అంది గొంతు తగ్గించి. “ఈ మంచం మీద ఎవరన్న పోయిన్రా?”

లేదంటే అయిపోయేది. అత్తమ్మ ఆ మంచం మీదే పోయింది. మొదటి షిఫ్టుకు పోయే ముందు చాయ్ ఇద్దామని లేపబోతే చెయ్యి చల్లగా తగిలింది.

“మా అత్తమ్మ పోయింది బిడ్డా. ఆరేండ్లయింది. తకలీఫ్ పడలె, నిద్రల్నే పోయింది.”

ఆ పిల్ల తల ఊపింది. మంచం పట్టె మీద ఆనించిన చెయ్యి మెల్లగా తీసేసుకుంది. అతన్ని బయటికి పిలిచి ఏదో చెప్పింది. ఇంట్లో అడిగి ఫోన్ చేస్తామన్నారు ఇద్దరూ. నీళ్లిస్తే తాగారు, దండం పెట్టి వెళ్లారు. తప్పు పట్టడానికి ఏముంది? కొత్త కాపురం. వాళ్లు వెళ్లాక మంచం మీద కూర్చున్నాను. పోయినవాళ్ల చెయ్యి పడని సామాను నా ఇంట్లో ఏముందా అని చూస్తే, నా చేతిలో ఫోనొక్కటే కనిపించింది.

వారానికి ఇంకొకాయన వచ్చాడు. ఆయనేమీ అడగలేదు. ట్రాలీ ఆటో తెచ్చుకుని, మంచం విప్పి వేసుకుపోయాడు. నాలుగు కోళ్ల కింద గచ్చు మీద నాలుగు తెల్ల మచ్చలు మిగిలాయి. ఆ చోటుకు మధ్యలో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టాను.

ఆ రోజుల్లోనే ఒక ఫోన్ వచ్చింది. మధ్యాహ్నం వేళ. మా పక్కన పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగు అయ్యి కిటికీ అద్దాలు అప్పుడే అదిరి ఆగాయి. తాను మిలిటరీలో పనిచేస్తానని, రామగుండం బదిలీ అయిందని, ఇల్లు సర్దుకోవాలి కాబట్టి ఉన్న సామాన్లన్నీ ఒకేసారి తీసుకుంటానని చెప్పాడు అతను. గొంతు కుర్రవాడిది. బేరమాడలేదు, చూస్తానని కూడా అనలేదు. ఇలాంటివాళ్ల గురించి బ్యాంకు వాళ్లు నా ఫోన్‌కు హెచ్చరిక పంపని వారం లేదు. అనుమానం నాకూ వచ్చింది. అయితే పెట్టేసే ముందు, “అమ్మా, భోజనం చేశారా?” అని అడిగాడు.

ఆ మాట నన్ను ఎవరైనా అడిగి చాలాకాలమైంది. చేశానన్నాను. ఏం కూర అన్నాడు. చింతచిగురు పప్పు అన్నాను. మా అమ్మ కూడా బాగా చేస్తుందమ్మా అన్నాడు.

రెండో రోజూ అదే వేళకు చేశాడు. సామాన్ల మాట రెండు నిమిషాల్లో అయిపోయింది. మిగతాదంతా నేనే మాట్లాడాను. మా అత్తమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, వేసవిలో నీళ్లు ఆగిపోయి మా లైను ఆడవాళ్లమంతా ట్యాంకరు వెంట పరుగెత్తిన రోజుల గురించి చెప్పాను. అతను మధ్య మధ్యలో “అవునా అమ్మా” అంటూనే ఉన్నాడు. ఆ మాటలకు ఎక్కడా అర్థం లేదని, అతను ఇంకేదో పని చేసుకుంటూ అంటున్నాడని నాకు వినిపిస్తూనే ఉంది. అయినా ఆపలేదు.

మూడో రోజు ఫోన్‌కు ఒక నలుపు తెలుపు గళ్ల బొమ్మ పంపాడు. అది స్కాన్ చేసి పిన్ను నొక్కితే నా ఖాతాలో డబ్బు పడుతుందన్నాడు. నాకు రాదు, ఇంటికే వచ్చి చూసుకోమన్నాను. అదే మాట మళ్లీ చెప్పాడు. ఇంకోసారి చెప్పాడు. మూడోసారికి మాటలో ‘అమ్మా’ పోయింది. తొందరగా చెయ్యి అన్నాడు.

“నువ్వెవరో నాకు మొన్ననే తెల్సింది బిడ్డా,” అన్నాను. “తిన్నవా అని అడిగినవని మాట్లాడిన.”

 టక్కున కట్ చేశాడు. ఆ నెంబరును బ్లాక్ చేయాలని తెలుసు. రెండు రోజులు చేయలేదు. మర్నాడు మధ్యాహ్నం అదే వేళకు ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నానని ఇప్పుడు రాయడానికి కూడా సిగ్గుగానే ఉంది. మూడో రోజు మాత్రం పోలీసు ఫిర్యాదు నెంబరుకు ఫోన్ చేసి చెప్పి, బ్లాక్ చేశాను. నాకైతే మాటలు దొరికాయి. నాలాంటి ఇంకొకామెకు ఏం పోతుందో.

బీరువా ఒక నడివయసు ఆమె కొనుక్కుంది. వాళ్ల ఊరు ఓపెన్‌కాస్ట్ కింద పోయింది. కొత్త కాలనీలో ఇల్లు కట్టుకున్నారు. తలుపు ఎత్తి వేయడం నేర్పించాను. ఎడమ చేత్తో కింద పట్టి కొంచెం లేపాలి, అప్పుడు తాళం పడుతుంది. నాలుగైదుసార్లు వేసి తీసి నేర్చుకుంది. మనుషులు దాన్ని వీధిలోకి మోస్తుంటే అద్దంలో మా లైనంతా కదిలింది, జామచెట్టు, ఆరేసిన చీరలు, మెట్టు మీద నేను. తర్వాత రెండుసార్లు తాళం పడటం లేదని ఫోన్ చేసింది. రెండుసార్లూ ఫోన్లోనే చెప్పాను. మూడోసారి చేయలేదు. వేయడం వచ్చేసి ఉంటుంది.

ఆ సరికి అమ్మాల్సినవి దాదాపు అయిపోయాయి, ఒక్క కూలరు తప్ప. అప్పుడు నేను చేసిన పని చెప్పుకోదగ్గది కాదు. మెట్లెక్కే వస్తువులు కూడా అమ్మకానికి పెట్టాను. గోడ గడియారం, ఇస్త్రీపెట్టె, చివరికి నా కుట్టుమిషను. నాతో గదికి తీసుకుపోవాలనుకున్న వస్తువులవి. అమ్మే ఉద్దేశం లేదు. ఎవరైనా చూడటానికి వస్తారు కదా, వస్తే కూర్చుంటారు కదా అని. అప్పుడు ఆ మాట నాతో నేను కూడా అనుకోలేదు. ధర ఎక్కువ పెడితే రారని తక్కువే పెట్టాను.

మిషను కోసం గోదావరి అవతల నుంచి ఒకామె వచ్చింది. రెండు బస్సులు మారి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయేమో. కుట్టుపని నేర్చుకుందట, ఎవరి మిషనో అడుక్కుని కుడుతోందట. చాయ్ పెట్టాను. పకోడీలు వేశాను. రెండు గంటలు కూర్చుంది. చంటిపిల్లను తల్లి దగ్గర వదిలి వచ్చానంది. జాకెట్టు చంకల దగ్గర ముడతలు పడకుండా ఎలా కత్తిరించాలో అడిగితే పాత జాకెట్టు తెచ్చి చూపించాను. మిషను మీద గుడ్డ ముక్క పెట్టి తొక్కి చూసి, కుట్టు ఎంత సాఫుగా పడుతోందో అని మురిసిపోయింది. నడుముకు దోపుకున్న చిన్న డబ్బుల సంచి తీసింది.

అప్పుడు నా నోటి నుంచి, నిన్ననే ఒకాయన మిషనుకు ముందే డబ్బు బయానా ఇచ్చిపోయాడు, చెప్పడం మరిచిపోయాను అనే మాట వచ్చింది.

ఆమె సంచి అలాగే పట్టుకుని నన్ను చూసింది. “గట్లయితే ఫోన్ల చెప్పేది గదక్కా,” అంది. కోపంగా కూడా అనలేదు. “పిల్లను ఇడిసిపెట్టి వచ్చిన.”

లైను చివరిదాకా వెంట వెళ్లాను. బస్సు టికెట్టుకు డబ్బివ్వబోతే తీసుకోలేదు. ఆ సాయంత్రం యాప్‌లో గడియారం, ఇస్త్రీపెట్టె, మిషను అన్నీ తీసేశాను. నేను ఆమెకు చేసినదానికీ, ఆ ఫోన్ కుర్రాడు నాకు చేయబోయినదానికీ తేడా ఎంత అని చాలాసేపు ఆలోచించాను. అతను డబ్బు కోసం మాటలు చెప్పాడు. నేను మాటల కోసం ఆమెకు ఒక రోజు కూలి పోగొట్టాను.

రెండు రోజులు చూసి ఆమెకు ఫోన్ చేశాను. ఆ బేరం తప్పిపోయింది, మిషను నువ్వే తీసుకుపో, డబ్బు తర్వాత చూసుకుందామన్నాను. ఆమె అయ్యో అంది. అక్కడే తెలిసినవాళ్ల దగ్గర ఒకటి దొరికిందట, మోటారుది. అప్పుడైనా నిజం చెప్పాల్సింది. మంచిదమ్మా అని పెట్టేశాను.

కూలరు కోసం ఎండలు ముదిరాక ఒకాయన వచ్చాడు. నాకంటే రెండు మూడేళ్లు పెద్దవాడు. ఇంట్లో ఆమెకు ఒంట్లో బాగాలేదని, ఫ్యాను గాలి సెగలా కొడుతోందని చెప్పాడు. నీళ్లు పోసి, నడిపించి చూపించాను. ఆయన తెచ్చిన ట్రాలీ ఆటో అతను ఒక పక్క, ఈయన ఒక పక్క పట్టి లేపారు. వైరు వేలాడుతోంది. ఒకచోట పైతోలు ఊడిపోయి రాగి తీగ కనబడుతోంది.

“వైరు తోని పైలం అన్నా,” అన్నాను.

ఆయన కూలరు దించేశాడు. నా మొహం వైపు చూశాడు. తర్వాత కళ్లు దించుకుని, ఆ మాటే మళ్లీ వింటున్నట్టు నిలబడ్డాడు.

“నువ్వు ల్యాంప్ రూం చెల్లెవు గదా?”

అవునన్నాను.

“మొగం చూస్తె తెల్వలె. గా మాటతోని తెల్సింది. లైటు చేతుల పెట్టంగనే పైలం అనేదానివి. ప్రతొక్కనికి.”

అంటానని నాకు తెలుసు. జాగ్రత్త అని చెప్పడానికి మా దగ్గర అదే మాట. ఉద్యోగంలో చేరిన కొత్తలో, మా ఆయన దిగిన బాయిలోకే వీళ్లూ దిగుతున్నారని తలచుకుంటే ఏదో ఒకటి అనాలనిపించి మొదలుపెట్టి ఉంటాను. తర్వాత అది నోటికి అలవాటైపోయింది. ఎవరైనా విన్నారని ఎప్పుడూ అనుకోలేదు. కిటికీ అవతల ఎవరూ తిరిగి ఏమీ అనేవారు కాదు.

ఆయన కూలరు మీద చెయ్యి వేసి నిలబడి చెప్పాడు. నేను నాగా పెట్టిన రోజు వేరేవాళ్లు ఊరికే లైటు చేతిలో పెట్టేవారట. ఆ రోజు మనుషుల్ని బాయిలోకి దింపే మ్యాన్‌రైడింగు దగ్గర వరుసలో నిలబడి, ఇయ్యాల పైలం అనేటోళ్లు లేరురా, మనమే సూసుకోవాలె అని ఒకరితో ఒకరు అనుకునేవారట. నవ్వుకుంటూనే అనుకునేవారట. కానీ ఆ రోజు బాయి కప్పు కింద పని చేసేటప్పుడు ఇంకోసారి పైకి చూసుకునేవాళ్లమని చెప్పాడు.

నెంబరెంత అని అడిగాను. చెప్పాడు. ఆ నెంబరు వినగానే చెయ్యి గుర్తొచ్చింది. ఎడమ బొటనవేలికి గోరుండదు. ఆయన బొటనవేలి వైపు చూశాను. గోరు లేదు.

“నీ లైటు కిటికీ పక్క ర్యాకుల, కింది వరుస చివర్ల ఉండేది,” అన్నాను.

ఆయన మొహం వెలిగింది. ఇంకేదో చెప్పబోయాడు. ట్రాలీ అతను హారన్ కొట్టాడు, ఇంకో కిరాయి ఉందట. ఇంట్లో ఆమె ఒక్కతే ఉందని ఈయనకూ తొందర. ఇద్దరూ కూలరెక్కించారు. ఆయన బండి వెనక కూర్చుని ఒక చెయ్యి కూలరు మీద, ఒక చెయ్యి బండి అంచు మీద పెట్టుకున్నాడు. పోతున్న చెల్లే అన్నాడు. పేరు ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

లోపలికొచ్చి తలుపేసుకున్నాను. ఇంట్లో దగ్గినా గొంతు మోగుతోంది, అంత ఖాళీ అయింది. ఇరవై ఏడేళ్లు నా మాటకు జవాబు లేదనుకున్నాను. జవాబు ఉండేది, నాకు వినపడనంత కింద. అదే రోజు ఆ సంగతి ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. అత్తమ్మ ఉంటే రెండుసార్లు చెప్పించుకునేది. ఫోన్ చేతిలోకి తీసుకుని, ఉన్న నెంబర్లన్నీ పై నుంచి కిందిదాకా చూశాను. ఈ మాట మొదటి నుంచి చెప్పక్కర్లేకుండా అర్థమయ్యేవాళ్లు ఒక్కరూ కనబడలేదు. ఫోన్ పక్కన పెట్టి, వంటింట్లో కూర్చుని కాసేపు ఏడ్చాను. బాధతో అనలేను. ఏడుపు వచ్చింది, ఆపేవాళ్లు లేరు, అందుకే ఏడ్చాను.

నెలాఖరున కంపెనీ సివిల్ డిపార్ట్‌మెంటు నుంచి ఒకతను వచ్చాడు. నల్లాలు తిప్పి, స్విచ్చులు వేసి, కిటికీ రెక్కలు తెరిచి మూసి చూసుకున్నాడు. గోడకు మేకులెందుకు ఇన్ని అని అడిగాడు. ఫోటోలకు అన్నాను. కాగితం మీద సంతకం పెట్టించుకుని తాళంచెవి తీసుకున్నాడు. ఎక్కడ ఉంటున్నారని కూడా అడిగాడు పాపం, జవాబు వినేలోపు అతనికి ఫోన్ వచ్చింది.

మిగిలిన సామాను ఒక్క ఆటోలో పట్టింది. మిషనును ఆటో అతనూ నేనూ రెండు ముక్కలుగా విప్పి మెట్లెక్కించాం. గదిలో అన్నీ సర్దేసరికి సాయంత్రమైంది. సందులో చాలా సందడిగా ఉంటుంది అక్కడ. కూరగాయల బండ్లు, ట్యూషనుకు పోయే పిల్లలు, ఎదురింటి టీవీ. అందరి గొంతులూ పైకి వస్తాయి. ఒక్కటీ నన్ను పిలిచేది కాదు.

చీకటి పడుతుండగా కిందికి దిగి ఓనరమ్మ తలుపు కొట్టాను. నీళ్లు ఎప్పుడొస్తాయని అడిగాను. గది మాట్లాడుకున్న రోజే ఆమె చెప్పింది, నల్లా పక్కన గోడ మీద సుద్దతో రాసి కూడా ఉంది.

“పొద్దుగాల ఆరున్నరకక్కా. ఒక్క గంటనే ఇడుస్తరు, జల్ది పట్టుకోవాలె,” అందామె.

సరే అన్నాను. ఇంకేమైనా కావాలా అన్నట్టు చూసింది. ఏమీ లేదని పైకొచ్చాను.

మర్నాడు ఆరున్నరకు బిందె పట్టుకుని దిగాను. ఆమె అప్పటికే పట్టుకుని లోపలికెళ్లిపోయింది. తలుపు వేసి ఉంది, లోపల కుక్కరు కూత వినబడుతోంది. నల్లా మాత్రం కట్టేయలేదు. కింద ఎవరిదో కడిగిన బకెట్ పెట్టి ఉంది, సగం నిండింది. ఎవరికోసమో అనుకుని కాసేపు నిలబడ్డాను. వెనకెవరూ రాలేదు. ఓనరమ్మ నాకోసమే పెట్టిపోయిందేమోనని అప్పుడు తట్టింది. బిందె పక్కన పెట్టి, ఆ బకెట్ నిండేదాకా అక్కడే కూర్చున్నాను.